కళ్లు మూసుకుని వినవలసిన ఆల్బమ్

ఒక మంగళవారం పొద్దున కంటి ఆసుపత్రిలో రిటైరైన హెడ్మాస్టారొకరు కళ్లజోళ్ల ఫ్రేములు అమర్చిన స్టాండును గట్టిగా కావలించుకుని, దానితో సహా నేల మీదికి ఒరిగారు. ఆయనకు దెబ్బలేమీ తగల్లేదు. స్టాండు కూడా క్షేమమే. తర్వాత ఆయన చెప్పుకున్న ప్రకారం జరిగింది ఇది. కంట్లో చుక్కల మందు వేశారు. పని చేసేదాకా కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. కూర్చున్నారు. కాసేపటికి చెవులకు మెత్తటి డిప్పలేవో తగిలించారు. అదీ పరీక్షలో భాగమే కాబోలని ఊరుకున్నారు. మొదట వచ్చిన రొదను పళ్లబిగువున ఓర్చుకున్నారు. అది ఆగిన మరుక్షణం ఆయన తలలో ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పింది. పడిపోయిన పెట్టెలన్నిటి తరఫునా ఒక ఆడపిల్ల గర్జించింది. మందు వికటించి నేరుగా మెదడుకెక్కిందని నిర్ధారించుకున్న హెడ్మాస్టారు, క్రమశిక్షణ గల మనిషి కనుక, కేకలు వేయకుండా, ఎవరినీ తోయకుండా, తలుపు ఉండవలసిన వైపుకు నడిచారు. తలుపు ఉండవలసిన చోట స్టాండు ఉంది.

ఆయన్ను లేవదీసిన మనిషి మోకాళ్లు తడిమి చూశాడు, మోచేతులు తడిమి చూశాడు, మంచినీళ్లు తాగించాడు, ఊడిన చెప్పు వెతికి తెచ్చి కాలికి తొడిగాడు. ఇన్నీ అయ్యాక కుర్చీ పక్కన చేరి ఎంతో మర్యాదగా అడిగాడు.

“మాస్టారూ, మొదటి పాటా? మిమ్మల్ని పడగొట్టిన రెండోదా? ఏది మెరుగు?”

హెడ్మాస్టారు కాసేపు ఆలోచించి మొదటి పాటను పాస్ చేశారు. రెండోదానికి తెలివి ఉంది గాని నడవడిక బాగాలేదన్నారు.

అడిగిన మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఊళ్లో అందరికీ మాత్రం ఆయన ఇదా అదా మామయ్య. కొందరికి ముక్కుపొడి అలవాటు, కొందరికి పేకాట. మామయ్యకు ఎదుటివాళ్ల అభిప్రాయం అలవాటు. అది పడందే ఆయనకు పూట గడవదు.

దీనికి ఉద్యోగం కొంత కారణం. ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసేముందు కళ్లు పరీక్షించే పని ఆయనది. మన ముక్కు మీద బరువైన ఫ్రేము ఒకటి ఎక్కించి, అందులో గుండ్రటి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, “ఇదా, అదా?” అని అడగడం. “ఇప్పుడు ఇదా, అదా?” అని మళ్లీ అడగడం. చాలామంది సాయంత్రానికి ఉద్యోగాన్ని ఆఫీసులో వదిలి ఇంటికి వస్తారు. మామయ్య దాన్ని చంకన పెట్టుకుని వస్తాడు.

ఒకసారి ఇంటికి రంగు వేయించబోయాడు. ముందు గదిలో గోడ మీద రెండు రంగులు అరచెయ్యంత మేర పూయించి, వీధిలో పోయేవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి ఇదా అదా అని అడిగాడు. పాలవాడు ఒకటన్నాడు, కరెంటు బిల్లు ఇచ్చేవాడు ఇంకొకటన్నాడు. దారి అడగడానికి ఆగిన పరాయి ఊరివాడు బాగా ఆలోచించి మూడో రంగు చెప్పాడు. రంగులు వేసేవాళ్లు విసిగి వేరే పనికి వెళ్లిపోయారు. గోడ మీద రెండు మచ్చలూ అలాగే ఉండిపోయాయి. అత్తయ్య వాటికి అడ్డంగా బీరువా జరిపించింది. మామయ్య బీరువాకేసి చూసి, “ఇక్కడా, కిటికీ పక్కనా?” అన్నాడు.

మంగలి షాపులోనూ ఇదే వరస. తల ఒక పక్క కత్తిరించడం అయ్యాక, మెడకు గుడ్డ కట్టించుకునే వెనక్కి తిరిగి, వంతు కోసం కూర్చున్నవాళ్లను ఈ పక్కా ఆ పక్కా అని అడిగాడు. ఓట్లు సమానంగా వచ్చాయి. తలను అలాగే ఇంటికి తెచ్చుకున్నాడు.

పైగా ‘బాగుంది’ అంటే ఒప్పుకోడు. ఆయన లెక్కలో అది అభిప్రాయం కాదు, పారిపోవడానికి దొడ్డిదారి. ‘రెండూ ఒకటే’ అన్నవాళ్ల గతి ఇంకా అధ్వాన్నం. వాళ్లకు మళ్లీ మొదటి అద్దం నుంచి మొదలుపెడతాడు.

ఇలాంటి మామయ్య చేతికి ‘తుప్పు’ వారి తొలి ఆల్బమ్ చిక్కింది.

తుప్పు అనేది ఒక బ్యాండు. మెటల్ అనే చెవులు చిల్లులు పడే సంగీతం వాయిస్తారు. గిటారు కుర్రాడు, డ్రమ్ముల కుర్రాడు, బేసు గిటారు పిల్ల, పాడే పిల్ల. ఆ పాడే పిల్ల మామయ్యకు సొంత అక్క కూతురు. పాడటం అని మర్యాదకు అంటున్నాం గాని, అది పాతాళంలో ఎవరో రోలు జరుపుతున్న చప్పుడు. ఆ చప్పుడంతా ఒక పల్చటి పిల్ల గొంతులోంచి వస్తుందంటే కళ్లారా చూసినవాళ్లు కూడా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని వెతుకుతారు. మైకు పక్కన పెడితే ఆ పిల్లకు నోట్లో నాలుకే లేదు. ఆటోవాడు దారి తప్పినా చెప్పడానికి మొహమాటపడి, అతడు ఆపిన చోట దిగి, ఇంకో ఆటో ఎక్కుతుంది.

టైర్ల దుకాణం మీద అద్దెకు తీసుకున్న గదిలో రెండేళ్లు తలుపులు బిగించుకుని సాధన చేసి, వాళ్లు ఆల్బమ్ చేశారు. పేరు ‘మొదటి పగులు’. నల్లటి అట్ట మీద నల్లటి అక్షరాలు. చదవాలంటే మామయ్య అద్దాలు కావాలి. దాన్ని లోకం మీదికి వదిలి, లోకం ఏమంటుందో వినడానికి నలుగురూ ఫోన్ల చుట్టూ చేరారు.

లోకం పెద్దగా ఏమీ అనలేదు. చుట్టాల పిల్లలు ‘సూపర్’ అని పెట్టారు, మొదటి పాట సగం కూడా అవ్వకముందే. ఒకడెవడో మాత్రం ఓపిగ్గా రాశాడు: వంటింటి అలమర ఒకటి మెట్ల మీంచి దొర్లింది, కింద ఉన్నవాళ్లు తప్పుకోకుండా దాన్ని రికార్డు చేశారు. ఆ ముక్కకు మాత్రం జనం తెగ నవ్వారు. పాటల కంటే దానికే మెప్పు ఎక్కువ వచ్చింది.

మేనకోడలు ఆ వాక్యాన్ని చదివింది. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు సాధనకు వెళ్లలేదు. ఆ మర్నాడు, వచ్చే శనివారం టౌన్ హాల్లో పెద్ద బ్యాండు ఎక్కేముందు అరగంట మీరు వాయిస్తారా అని హాలు మేనేజరు ఫోన్ చేశాడు. రెండేళ్లుగా నలుగురూ కలలు కన్నది ఆ అరగంట కోసమే. శుక్రవారం సాయంత్రంలోగా చెప్పమన్నాడు. చెప్పవలసిన మాట తనదేనని మేనకోడలికి తెలుసు. గొంతు లేకుండా తుప్పు లేదు. వద్దని చెప్పేసి, గది ఖాళీ చేసి, ఏదైనా ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఉద్యోగం చూసుకోవాలని మనసులో అనేసుకుంది. అరిచి చెప్పినా వినని లోకానికి ఇంకేం చెబుతాం, అనుకుంది.

సరిగ్గా అప్పుడే మామయ్య రంగంలోకి దిగాడు. ఇంటికి వచ్చి, ఆమె హెడ్‌ఫోన్లు ఓసారి కావాలన్నాడు. ఎందుకని కూడా అడక్కుండా ఇచ్చేసింది. ఆ సాయంత్రానికి అభిప్రాయాలు ఇంటికి రావడం మొదలెట్టాయి.

కంట్లో చుక్కలు వేసుకున్న మనిషి ఎక్కడికీ పోలేడు. పేపరు చదవలేడు, ఫోను చూడలేడు, గోడ మీది గడియారం కూడా మసగ్గా కనబడుతుంది. అభిప్రాయాలు కావలసినవాడికి అంతకంటే అనువైన మనిషి ఏ లోకంలో దొరుకుతాడు? మామయ్య వాళ్ల చెవులకు తుప్పు తగిలించి, పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు. సాయంత్రం అక్క ఇంటికి వచ్చి, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఎవరేమన్నారో వాళ్ల వాళ్ల గొంతుల్లో వినిపించేవాడు. నచ్చనివి దాచడం ఆయనకు చేతకాదు.

బస్సు కండక్టరు ఒకాయన రోజూ సాయంత్రం తన బస్సులో వినబడేది ఇదేనన్నాడట. కాకపోతే ఇందులో ఎవరూ చిల్లర అడగలేదు కనుక కొంత నయమన్నాడట. మిల్లులో మెకానిక్కు నాలుగో పాట వింటూనే చెయ్యెత్తి, గేరు పెట్టెలో నూనె అయిపోయింది, ముందు ఆపెయ్యండి, కాలిపోతుంది అన్నాడు. కవల పిల్లల తల్లి ఒకామె హెడ్‌ఫోన్లు పెట్టిన కాసేపటికే హాయిగా నిద్రపోయింది. లేపి అడిగితే, ఇంట్లో కంటే ప్రశాంతంగా ఉందంది. సంగీతం టీచరమ్మ ఆల్బమ్ సాంతం చేతులు కట్టుకుని విని, చివరికి, “ఆ అమ్మాయిని వేణ్ణీళ్లు తాగమనండి” అని మాత్రం అంది.

డ్రమ్ముల కుర్రాడికి గేరు పెట్టె మాట నచ్చి గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. మేనకోడలికి మాత్రం తల కొట్టేసినట్టయింది. అర్ధరాత్రి శ్మశానంలోంచి లేచివచ్చినట్టు పాడాలని నల్ల బట్టలూ నల్ల కాటుకా కష్టపడి కూడబెట్టుకుంటే, ఊళ్లో ముసలివాళ్లంతా తనకు జలుబు చేసిందనుకుంటున్నారు. వీధిలో ముక్కూమొహం తెలియని పెద్దాయన ఒకాయన ఆపి, గొంతు ఎలా ఉందమ్మా అని అడిగాడు.

ఆమె జీవితంలో మొదటిసారి మామయ్యతో పోట్లాటకు దిగింది. దిగిందన్నమాటే గాని, మాట బయటికి రావడానికి ఆయన కాఫీ పూర్తయ్యేంత సేపు పట్టింది.

“మామయ్యా, నువ్వింక ఎవరినీ అడగొద్దు.”

“ఎందుకమ్మడూ?”

“జాలిపడి నువ్వు నలుగురికీ వినిపించడం, వాళ్లు నీ మొహం చూసి ఏదో ఒకటి అనడం. నాకు సిగ్గుగా ఉంది. నచ్చకపోతే నచ్చలేదని వదిలెయ్యాలి గాని, ఇట్లా ఇంటింటికీ తిరిగి అడుక్కుంటామా?”

మామయ్య గ్లాసు కింద పెట్టాడు. అడుక్కోవడం లేదన్నాడు. సరే, మరి రేపటి నుంచి ఏం చెయ్యను, అన్నాడు. మానెయ్యమంది. తల ఊపాడు. మామయ్య తల ఊపడానికి అర్థం విన్నానని, ఒప్పుకున్నానని కాదు. ఈ సంగతి అత్తయ్యకు తెలుసు గాని, ఆ పూట ఆమె అక్కడ లేదు.

గురువారం నాడు బేసు గిటారు పిల్ల వాళ్ల నాయనమ్మ కళ్లు చూపించుకుని వచ్చి, మీ రెండో పాట కంటే ఆరో పాట నయమే, అందట. శుక్రవారం మధ్యాహ్నం మేనకోడలు చెప్పులేసుకుని బయల్దేరింది. హెడ్‌ఫోన్లు తెచ్చేసుకుంటే గొడవ వదులుతుంది. వచ్చేదారిలో హాలు మేనేజరుకు వద్దని ఫోన్ చేసేస్తే రెండో గొడవా వదులుతుంది.

చుక్కలు వేసి కూర్చోబెట్టే గది పొడుగ్గా ఉంటుంది. కిటికీలకు ముదురు నీలం తెరలు, గోడ పొడుగునా కుర్చీలు. బయటి ఎండలోంచి వచ్చేసరికి ఆమెకు మొదట ఏమీ కనబడలేదు. తలుపు పక్కన ఖాళీ కుర్చీ తడిమి కూర్చుంది. మామయ్య అటు తిరిగి ఎవరికో చుక్కలు వేస్తున్నాడు. ఆయన ఇటు తిరగ్గానే అనవలసిన మాటను లోలోపల రెండుసార్లు అనుకుని చూసుకుంది.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఒక సంగతి కనబడింది. మొదటి కుర్చీలో ఒక మొగుడు, పక్కనే పెళ్లాం. ఆమె తాళం వేశావా లేదా అని సాధిస్తోంది, ఆయన కళ్లు మూసుకుని వేశానంటున్నాడు. వాళ్లకు మామయ్య హెడ్‌ఫోన్లు పెట్టలేదు. రెండో చోట ఒక కాలేజీ కుర్రాడు, వాడి స్నేహితుడు. వాళ్లకూ పెట్టలేదు. చివరి కుర్చీలో ఒకావిడ ఒంటరిగా ఉంది. సంచీ ఒళ్లో పెట్టుకుని, దాని పిడిని మెలితిప్పుతోంది. విప్పుతోంది, మళ్లీ మెలితిప్పుతోంది. మామయ్య సరాసరి అటు నడిచాడు.

“ఎవరితోనైనా వచ్చినవాళ్లకి పెట్టరండీ,” అని పక్కన మందులు సర్దుకుంటున్న నర్సు గొంతు తగ్గించి చెప్పింది. ఈ పిల్ల ఎవరో ఆమెకు తెలియదు. తన వంతు కోసం కూర్చున్న మనిషనుకుంది. అడగకపోయినా చెప్పుకుపోయింది. ఒంటరిగా వచ్చినవాళ్లకు ఈ అరగంట మహా చెడ్డదట. కళ్లెదుట మసక తప్ప ఏమీ ఉండదు. లోపల డాక్టరమ్మ ఏం చెబుతుందోనని మనసు ఎక్కడెక్కడికో పోతుంది. ఒకాయన లేచి పరీక్ష చేయించుకోకుండానే ఇంటికి వెళ్లిపోయి, చూపు పోగొట్టుకున్నాడట. ఆ తర్వాత ఈయన మొదలెట్టాడు. ముందు తన ఫోనులోనే వేణువు పెట్టేవాడట. అది మెత్తగా, మధ్యమధ్య ఆగి ఆగి సాగేది. ఆ సందుల్లోంచి భయం తీరిగ్గా లోపలికి దూరి కూర్చునేది. ఒకావిడైతే వేణువు విని బావురుమంది.

“ఇప్పుడు పెట్టేది ఏం పాటలో గాని తల్లీ, సూది దూరే సందు ఉండదు. భయం కూచోడానికి చోటేదీ? పైగా ఇదా అదా అని ఈయన ప్రాణం తీస్తాడు. దానికి జవాబు వెతుక్కునేసరికి చుక్కలు పనిచేసేస్తాయి. ఇదివరకు వణుక్కుంటూ లోపలికి వచ్చేవాళ్లు ఇప్పుడు వాదించుకుంటూ వస్తున్నారని డాక్టరమ్మ కూడా ఊరుకుంది.”

మేనకోడలు సగం లేచి, మళ్లీ కుర్చీలో కూర్చుంది. మామయ్య జాలిపడింది తన మీద కాదన్నమాట. అంటే తన పాటలు మత్తుమందు బాపతా అని ఒక పక్క ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. రెండేళ్ల కష్టం, చుక్కలు పనిచేసేదాకా కాలక్షేపం.

చివరి కుర్చీ దగ్గర మామయ్య పీట లాక్కున్నాడు. ఆవిడను ఏదో అడిగాడు. బట్టలు కుడతానని ఆవిడ చెప్పింది. మిషను సూదిలోకి దారం ఎక్కించడం ఈ మధ్య కుదరడం లేదట. పక్కింటి పిల్లను పిలవాల్సి వస్తోందట. కళ్లు పోతే చేతులు కూడా పోయినట్టే కదా తమ్ముడూ, అంది. మామయ్య ఏమీ కాదని చెప్పలేదు. ఆ మాట చెప్పవలసింది డాక్టరమ్మ. “అక్కా, రెండు పాటలు వినిపిస్తాను. గోలగా ఉంటాయి. భయపడకండి, మందు వల్ల కాదు. ఏది మెరుగో చెప్పాలి,” అని హెడ్‌ఫోన్లు తగిలించాడు. హెడ్మాస్టారి ఉదంతం తర్వాత ముందుగా చెప్పడం నేర్చుకున్నట్టున్నాడు.

మూడో పాట పెట్టాడు, తర్వాత ఐదోది. డిప్పల్లోంచి సన్నగా బయటికి వచ్చే చప్పుడును బట్టి ఎక్కడ ఏం జరుగుతోందో మేనకోడలికి తెలుస్తూనే ఉంది. ఐదో పాట వస్తుంటే తల దించుకుంది. దాన్ని రికార్డు చేసిన పూట గొంతు పూర్తిగా పోయింది. మళ్లీ పాడమని మిగతా ముగ్గురూ, పాడనని తనూ. తీసేద్దామనుకుని, ఎందుకో ఉంచేశారు. క్లాసులో లేచి నిలబడి జవాబు తెలిసీ నోరు పెగలక అందరి ఎదుటా నిలబడిపోయిన ఒక పిల్ల గురించి రాసుకున్న పాట అది. పాడేది గర్జనలో కనుక ఒక్క మాటా ఎవరికీ అర్థం కాదు. అర్థం కాదన్న ధైర్యంతోనే రాసుకుంది.

కుట్టు మిషను ఆవిడ సంచీ పిడి మెలితిప్పడం ఎప్పుడు మానేసిందో ఎవరూ చూడలేదు.

“ఇదా, అదా?” అన్నాడు మామయ్య హెడ్‌ఫోన్లు తీసి.

“రెండోది.”

“ఎందుకని?”

“మొదటిదాంట్లో పిల్ల అరుస్తోంది, అంతే. రెండోదాంట్లో...” ఆవిడ మూసిన కళ్లతోనే వెతుక్కుంది. “చాన్నాళ్లు మాట్లాడకుండా ఉన్న మనిషి ఒకేసారి నోరు తెరిస్తే అట్లాగే ఉంటుంది తమ్ముడూ. నాకు తెలుసు. మా అత్తగారింట్లో నేను పదేళ్లు నోరెత్తలా. ఎత్తిన రోజున ఇట్లాగే వచ్చింది. ఇంటిల్లిపాదీ అటకెక్కారు.”

మామయ్య నవ్వాడు. ఆవిడా నవ్వింది.

“మాటలు ఒక్కటీ అర్థం కాలేదనుకో. కాకపోతే ఏం? ఆ పిల్లెవరో మీకు తెలుసా? ఇంకా ఉందేమో లోపల. ఆపొద్దని చెప్పండి.”

తలుపు పక్క కుర్చీలో మేనకోడలు తన చేతులకేసి చూస్తూ కూర్చుంది. మామయ్య వంగిన వీపునూ, ఆ తొందర లేని గొంతునూ ఆమె చిన్నప్పటి నుంచీ ఎరుగును. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఏం కావాలే, ఏం చదువుతున్నావే, నోట్లో బెల్లం ముక్క ఉందా అని ప్రశ్నల మీద ప్రశ్నలు కురిపిస్తుంటే ఆమె తలుపు చాటున రాయిలా నిలబడేది. మామయ్య ఒక్కడే వచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుని, రెండు రిబ్బన్లు రెండు చేతుల్లో పట్టుకుని ఇదా, అదా అనేవాడు. దానికి నోరు తెరవక్కర్లేదు. వేలు చూపిస్తే చాలు. చూపించేది. ఇంకో రెండు తెచ్చి మళ్లీ అడిగేవాడు. అట్లా అడిగి అడిగి, ఒక రోజు మూడో రంగు కావాలని ఆమె చేత నోటితో అనిపించాడు. ఈ అలవాటు మామయ్యకు ఉద్యోగం వల్ల వచ్చిందని ఊరంతా అనుకుంటుంది. ఉద్యోగంలో చేరకముందే తన దగ్గర మొదలెట్టాడని ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది.

లోపలి నుంచి పిలుపొచ్చింది. కుట్టు మిషను ఆవిడ లేచి, నాలుగడుగులు వేసి, మసకలో ఎదురైన నల్లబట్టల మనిషిని నర్సు అనుకుని చెయ్యి చాచింది. “కాస్త డాక్టరమ్మ దాకా దిగబెట్టు తల్లీ.”

మేనకోడలు ఆ చెయ్యి పట్టుకుంది. వేళ్ల చివర సూది పొడిచి పొడిచి గట్టిపడ్డ చర్మం. తీగలు నొక్కి నొక్కి గట్టిపడ్డ గిటారు కుర్రాడి వేళ్లలాగే ఉన్నాయి. నడుస్తున్నంత సేపూ ఆవిడ పాట గురించే చెప్పింది. నువ్వు కూడా విన్నావా, నీకు ఏది నచ్చింది అని అడిగింది. మేనకోడలు నోరు తెరిచింది.

“నాకూ రెండోదే,” అంది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, శుక్లం పెరిగిందంతే, తీసేస్తే సూదిలోకి దారం ఎక్కించుకోవచ్చని చెప్పిందట. మేనకోడలు బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి, హాలు మేనేజరుకు ఫోన్ చేసింది. వస్తున్నామని చెప్పింది. సరిగ్గా వినబడలేదు, గట్టిగా చెప్పండి అన్నాడు ఆయన. గట్టిగా చెప్పింది. ఆసుపత్రి ముందు ఉన్న ఆటోవాళ్లందరూ తిరిగి చూశారు.

హెడ్‌ఫోన్ల సంగతి మాత్రం మరిచిపోయింది. అవి ఆసుపత్రిలోనే ఉండిపోయాయి.

శనివారం టౌన్ హాలు నిండా కుర్రకారు. జుట్లు విరబోసుకుని, పిడికిళ్లు పైకెత్తి, తలలు ఊడిపడేట్టు ఊపుతున్నారు. వాళ్లంతా పెద్ద బ్యాండు కోసం వచ్చినవాళ్లు. తుప్పు ఎక్కేసరికి సగం మంది టీ తాగడానికి బయల్దేరబోయారు. కాని ముందు వరసలో ఒక వింత కనబడి ఆగిపోయారు. ఆ వరస నిండా పెద్దవాళ్లు. బస్సు కండక్టరు యూనిఫారంలోనే ఉన్నాడు. మెకానిక్కు, సంగీతం టీచరమ్మ, కుట్టు మిషను ఆవిడ, ఇంకా ఎవరెవరో. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఈ పాటలు వినే పద్ధతే అదని వాళ్ల నమ్మకం. వాళ్లకు ఎవరూ వేరే చెప్పలేదు.

మేనకోడలు మైకు పట్టుకుంది. ఎదురుగా మూసిన కళ్ల వరస. తనను చూసేవాళ్లు లేరు, వినేవాళ్లే ఉన్నారు. అంత సుఖం ఆ పిల్లకు ఎన్నడూ దొరకలేదు. నోరు తెరిచింది. హాలు కిటికీల అద్దాలు గలగలలాడాయి. బయటికి వెళ్లబోయిన కుర్రకారు వెనక్కి వచ్చి నిలబడింది. ఐదో పాట వచ్చేసరికి, పెద్దవాళ్లను చూసి, వెనక కుర్రాళ్లు కూడా కొందరు ఎందుకైనా మంచిదని కళ్లు మూసుకున్నారు. పాట మధ్యలో మెకానిక్కు పక్కవాళ్లకు నూనె పోశారర్రా, ఇప్పుడు సాఫీగా ఉంది అని చెప్పడం డ్రమ్ముల కుర్రాడి దాకా వినబడింది.

హాలు ఖాళీ అయ్యేసరికి మామయ్య వాకిట్లో దొరికినవాళ్లను దొరికినట్టు ఆపి అడుగుతున్నాడు. కాపలా మనిషిని అడిగాడు, టీ అమ్మే ఆవిడను అడిగాడు. పెద్ద బ్యాండు గిటారిస్టు చెమట తుడుచుకుంటూ పోతుంటే వాళ్లదా, మీదా అని నిలదీశాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, తప్పించుకోలేక, వాళ్లదేనని ఒప్పుకుని వెళ్లాడు.

చివరికి మేనకోడలూ మామయ్యా మిగిలారు. ఆయన అరుగు మీద కూర్చుని, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో నింపాదిగా తుడుచుకుంటున్నాడు. ఏ ధ్యాసలో ఉన్నాడో గాని కాలు మాత్రం నేల మీద తాళం వేస్తోంది. ఆమె కాసేపు ఆ కాలును చూసింది. ఐదో పాట. డ్రమ్ముల కుర్రాడు కూడా తడబడే ఆ చోట కాలు తడబడలేదు.

ఆమె పక్కన కూర్చుంది. గొంతు బొంగురుపోయింది. మాట మాత్రం ఆగలేదు.

“మామయ్యా, ఊళ్లో అందరి అభిప్రాయమూ మోసుకొచ్చావు. కండక్టరుది తెచ్చావు, కళ్లు కనబడని నాయనమ్మది తెచ్చావు. నీకు ఏది నచ్చిందో ఇంతవరకూ ఒక్కసారైనా చెప్పావా? ఇదేం న్యాయం?”

మామయ్య కళ్లజోడు పెట్టుకుని, ఆమెకేసి చూసి, అన్నాడు.

“పరీక్ష పెట్టేవాడే బోర్డు మీది అక్షరాలు చదివేస్తే ఎట్లాగమ్మడూ?”